వాంగ్ చియెన్-మింగ్ నిజంగా గొప్ప పిచరేనా, లేక యాంకీస్ బలంతో గెలిచాడా?

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్ళు. ఇక్కడ అమెరికాలో లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో పిచింగ్ చేస్తాడు, అంటే బ్యాటర్‌కి బంతి విసురుతాడు. వాడి టీమ్‌లో ఒక తైవాన్ కుర్రాడి నాన్నగారు ఎప్పుడు కలిసినా న్యూయార్క్ యాంకీస్‌కి ఆడిన తమ దేశపు పిచర్ వాంగ్ చియెన్-మింగ్ గురించే చెబుతారు. నేను చూస్తే ఆయన రెండేళ్ళే బాగా ఆడాడు, స్ట్రైక్ అవుట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేక అవుటవడం) చాలా తక్కువ, బేస్‌ల మధ్య పరిగెడుతూ కాలు విరగ్గొట్టుకుని కెరీర్ పోగొట్టుకున్నాడు అని ఉంది. మరి ఇంత పేరెందుకు?

సమాధానం:

గొప్ప పిచరే. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. నేను చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాను, యాంకీస్ మ్యాచ్‌లు వదలకుండా చూస్తాను, మా ఊరి లిటిల్ లీగ్‌లో పిల్లలకు పిచింగ్ నేర్పుతాను. వాంగ్ గురించి మీరు అడిగిన మూడు అనుమానాలూ మామూలుగా అందరూ అడిగేవే. మూడింటికీ జవాబు ఆయన వేసే ఒకే ఒక్క బంతిలో ఉంది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ బంతి పేరు సింకర్. గంటకు 92 నుంచి 95 మైళ్ళ వేగంతో నడుము ఎత్తున వస్తున్నట్టు కనిపించి, బ్యాటర్ బ్యాట్ ఊపడం మొదలుపెట్టాక కిందికి దిగిపోతుంది. అదే సమయంలో కుడిచేతి బ్యాటర్ మీదికి కొంచెం లోపలికి వస్తుంది. క్రికెట్ చూసేవాళ్ళకు చెప్పాలంటే రివర్స్ స్వింగ్ అయ్యే యార్కర్ లాంటిది అనుకోండి. తేడా ఏమిటంటే యార్కర్ వికెట్ పడగొట్టడానికి వేస్తారు. సింకర్‌ని బ్యాటర్ కొట్టాలనే వేస్తారు. కొడతాడు, కానీ బంతి నడుమ కాదు, పైభాగం తగులుతుంది. అది గాల్లోకి లేవకుండా నేల మీద దొర్లుకుంటూ దగ్గరి ఫీల్డర్లైన షార్ట్‌స్టాప్ చేతిలోకో, సెకండ్ బేస్‌మన్ చేతిలోకో వెళుతుంది. బంతి లోపలికి వచ్చి బ్యాట్ పిడి దగ్గర తగిలిందంటే బ్యాట్ విరిగిపోయేది. పాత యాంకీ స్టేడియంలో వాంగ్ వేసే రోజున ఆ చప్పుడు పై వరుసల దాకా వినిపించేది. టక్కుమని కాకుండా బొంగురుగా ఉండేది. బంతి ఎటు పోయిందో చూడకుండానే అవుట్ అని తెలిసిపోయేది.

ఇప్పుడు స్ట్రైక్ అవుట్ల సంగతి. 2006లో వాంగ్ 19 మ్యాచ్‌లు గెలిచాడు, 6 ఓడాడు (బేస్‌బాల్‌లో గెలుపోటములు పిచర్ పేరు మీద కూడా రాస్తారు). 218 ఇన్నింగ్స్ వేసి 76 స్ట్రైక్ అవుట్లే తీశాడు. అదే ఏడాది అన్నే మ్యాచ్‌లు గెలిచిన యోహాన్ సంతానా 245 తీశాడు. ఏడాది ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు సంతానాకే వెళ్ళింది, ఓట్లన్నీ ఏకగ్రీవంగా. అది న్యాయమే. రెండో స్థానం వాంగ్‌ది. చాలామంది 76 అన్న అంకె దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే దాని పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. ఆ 218 ఇన్నింగ్స్‌లో ఆయన ఇచ్చిన హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) 12. మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో యాంకీస్ ఆడే అమెరికన్ లీగ్‌లో, అంతా బలం కొద్దీ కొడుతున్న కాలంలో, మ్యాచ్ మొదలుపెట్టే ఒక స్టార్టింగ్ పిచర్ అంత తక్కువ ఇచ్చాడంటే అది అదృష్టం కాదు. అది ఆ సింకర్ పనితనం.

యాంకీస్ బలం కూడా ఉంది, కాదనను. ఆ ఏడాది ఆ టీమ్ 930 పరుగులు చేసింది. మొత్తం మేజర్ లీగ్‌లో అదే ఎక్కువ. వెనక జీటర్, కానో, అలెక్స్ రోడ్రిగెజ్ లాంటి పేరున్న ఆటగాళ్ళు ఉన్నారు. బలహీనమైన టీమ్‌లో ఉంటే 19 కాక 14, 15 గెలిచేవాడేమో. అందుకే నేను గెలుపుల కన్నా ఈఆర్ఏ చూడమంటాను. ఫీల్డర్ల తప్పులతో వచ్చినవి తీసేసి, ప్రతి తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్క అది. వాంగ్‌ది 2006లో 3.63, 2007లో 3.70. 2007లో మళ్ళీ 19 గెలిచి 7 ఓడాడు. ఆ ఏడాది మే 5న సియాటిల్ మీద ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ ఎక్కనివ్వలేదు. ఒక అవుట్ తీశాక బెన్ బ్రూసార్డ్ హోమ్ రన్ కొట్టాడు. లేకపోతే పర్ఫెక్ట్ గేమ్ అయ్యేదేమో.

ఆయనలో లోపాలు లేవని నేననడం లేదు. 2007 అక్టోబర్‌లో క్లీవ్‌లాండ్ మీద ప్లేఆఫ్స్‌లో రెండు మ్యాచ్‌లు వేసి రెండూ ఘోరంగా ఓడిపోయాడు. సింకర్ దిగని రోజున ఆయన దగ్గర రెండో ఆయుధం బలంగా ఉండేది కాదు. ఒకే బంతి మీద బతికే పిచర్‌కి అది ఎప్పుడూ ఉండే గండం. అయినా వరసగా రెండేళ్ళు అలా వేయడం, 85 స్టార్ట్‌లలో 50 విజయాలు అందుకోవడం మామూలు విషయం కాదు.

అంత పేరు ఎందుకు అన్నారు. దానికి తైవాన్ వైపు నుంచి చూడాలి.

అక్కడ బేస్‌బాల్ జపాన్ పాలన కాలంలో వచ్చింది. 1969 నుంచి వాళ్ళ పిల్లల టీమ్‌లు అమెరికాలో లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ గెలుస్తూ వచ్చాయి. ఆ మ్యాచ్‌ల కోసం జనం అర్ధరాత్రి దాకా మేలుకుని టీవీల ముందు కూర్చునేవారు. వాళ్ళ 500 డాలర్ల నోటు మీద టోపీలు ఎగరేస్తున్న స్కూల్ బేస్‌బాల్ పిల్లల బొమ్మ ఉంటుంది. ఆటంటే అంత ప్రాణం. కానీ 1990లో ఆటలు మొదలైన వాళ్ళ సొంత ప్రొఫెషనల్ లీగ్‌ని మ్యాచ్ ఫిక్సింగ్ పదేపదే దెబ్బతీసింది. 90ల చివర్లో ఒకసారి, మళ్ళీ 2005లో, తర్వాత 2008, 2009ల్లో. నమ్ముకున్న ఆటగాళ్ళే పందేల వాళ్ళకు అమ్ముడుపోతే అభిమాని ఎవర్ని చూడాలి? సరిగ్గా 2005 ఏప్రిల్ 30న వాంగ్ యాంకీ స్టేడియంలో మొదటి మ్యాచ్ వేశాడు.

ఎండాకాలంలో న్యూయార్క్‌కీ తైపేకీ సరిగ్గా పన్నెండు గంటల తేడా. ఇక్కడ రాత్రి ఏడింటి మ్యాచ్ అక్కడ పొద్దున్న ఏడింటికి మొదలవుతుంది. వాంగ్ వేసే రోజున ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు, స్కూళ్ళకు వెళ్ళేవాళ్ళు వీధుల్లో పెట్టిన పెద్ద స్క్రీన్ల దగ్గర నిలబడి చూసేవారు. ఐదు రోజులకు ఒకసారి దేశానికంతా అదే పొద్దు. ‘తైవాన్ వెలుగు’ అని పిలుచుకున్నారు. 2007లో టైమ్ పత్రిక ప్రపంచంలో ప్రభావశీలురైన వందమంది జాబితాలో ఆయన పేరు చేర్చింది. ఇక్కడ స్టేడియంలో 40వ నంబర్ జెర్సీలు వేసుకుని కుటుంబాలకు కుటుంబాలు వచ్చేవి. అంతర్జాతీయ పోటీల్లో తమ జెండా ఎగరేసుకునే వీలు లేని దేశం వాళ్ళది. ‘చైనీస్ తైపే’ అన్న పేరుతో ఆడాలి. అలాంటి వాళ్ళకు న్యూయార్క్‌లో తమ మనిషి మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద నిలబడితే ఆ ఆనందం అంతా ఇంతా కాదు. ఆ తైవాన్ నాన్నగారి మాటల్లో మీకు వినిపిస్తున్నది అదే అయ్యుంటుంది.

అదంతా మోయాల్సింది ఒక మితభాషి. తైనాన్‌లో 1980లో పుట్టిన వాంగ్ ఇరవై ఏళ్ళకు, 2000లో, యాంకీస్‌తో సంతకం చేశాడు. బోనస్ దాదాపు 20 లక్షల డాలర్లు. ఇంగ్లిష్ అంతంత మాత్రం. చిన్న లీగ్ ఊళ్ళలో బతుకు. 2001లో భుజానికి ఆపరేషన్ జరిగి ఏడాది మొత్తం పోయింది. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. విశేషం ఏమిటంటే ఆ ప్రసిద్ధ సింకర్ తైవాన్ నుంచి తెచ్చుకున్నది కాదు. ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది స్థాయి) కొలంబస్ టీమ్‌లో ఉండగా పిచింగ్ కోచ్ నీల్ ఆలెన్, క్యాచర్ శాల్ ఫసానో ఆ పట్టు వైపు నడిపించారు. అంతకుముందు మామూలు ఫాస్ట్‌బాల్ వేసేవాడు. పరాయి దేశంలో, భాష సరిగ్గా రాని చోట, అప్పటిదాకా తనను ఇంతవాణ్ణి చేసిన బంతిని పక్కన పెట్టి కొత్తది నేర్చుకోవడానికి ఎంత ధైర్యం కావాలో పిల్లలకు నేర్పేవాళ్ళకు తెలుస్తుంది.

ఇక మీరు చదివిన ‘కాలు విరగ్గొట్టుకున్న’ సంగతి. 2008 జూన్ 15, హ్యూస్టన్. అప్పట్లో నేషనల్ లీగ్ మైదానంలో పిచర్ కూడా బ్యాటింగ్ చేయాలి. అమెరికన్ లీగ్ పిచర్లు ఏడాదికి ఏ రెండు మూడుసార్లో బ్యాట్ పట్టేవారు. ఆరో ఇన్నింగ్స్‌లో వాంగ్ బేస్ మీద ఉండగా జీటర్ సింగిల్ కొట్టాడు. వాంగ్ రెండో బేస్ నుంచి పరుగెత్తి, మూడో బేస్ తిరిగి హోమ్ ప్లేట్ వైపు వస్తుంటే నడక మారిపోయింది. పరుగు పూర్తి చేశాడు కానీ కుంటుతూ. మ్యాచ్ యాంకీస్ 13-0తో గెలిచింది. ఆ సీజన్‌లో ఆయన లెక్క 8 గెలుపులు, 2 ఓటములు.

ఎముక విరగలేదు. కుడి పాదం మధ్యలో లిస్‌ఫ్రాంక్ అనే లిగమెంట్ బెణికింది, పక్కన ఒక టెండన్ కొంత చిరిగింది. పాదమే కదా, చెయ్యి బాగానే ఉంది కదా అని అప్పుడు చాలామంది అనుకున్నారు. ఇక్కడే అసలు విషయం ఉంది. కుడిచేతి పిచర్‌కి కుడి పాదమే మౌండ్ మీది రబ్బర్ పలకని నెట్టే పాదం. బంతికి బలం వేళ్ళలో పుట్టదు. ఆ పాదంలో మొదలై, తొడ, తుంటి, నడుము మీదుగా భుజానికి ఎక్కుతుంది. కింద ఒక మెట్టు బలహీనపడితే పైన ఉన్నది ఆ లోటు భర్తీ చేయబోతుంది.

2009 ఏప్రిల్‌లో తిరిగొచ్చిన వాంగ్‌ని చూసి నా గుండె ఆగినంత పనైంది. మొదటి మూడు మ్యాచ్‌ల్లో కలిపి ఆరు ఇన్నింగ్స్ వేసి 23 పరుగులు ఇచ్చాడు. ఈఆర్ఏ 34.50. మూడోది కొత్త యాంకీ స్టేడియంలో క్లీవ్‌లాండ్ మీద. రెండో ఇన్నింగ్స్‌లోనే అవతలి వాళ్ళు 14 పరుగులు చేశారు. చివరికి 22-4. వేగం ఉంది కానీ సింకర్ దిగడం లేదు. బెల్టు ఎత్తున నిటారుగా వచ్చి నిలుస్తోంది. పరీక్షలు చేస్తే తుంటి కండరాలు బలహీనపడ్డాయని తేలింది. పాదం కట్టులో ఉన్న నెలల్లో ఆ కండరాలు సడలిపోయాయి. తర్వాత భుజం. జూలైలో ఆపరేషన్ జరిగింది, డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ చేశారు. 2001లో ఒకసారి కోసిన భుజమే అది. ఆ ఏడాది యాంకీస్ వరల్డ్ సిరీస్ గెలిచింది, డిసెంబర్‌లో వాంగ్‌కి కొత్త కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలేసింది.

కాబట్టి ‘ఒక్క పరుగుతో పోయింది’ అన్నది సగం నిజం. పాత గాయం ఉన్న భుజం మీద, కింద నుంచి అందాల్సిన బలం అందక, పడకూడని భారం పడింది అని నా లెక్క. ఆ పరుగు లేకపోయినా భుజం ఎప్పటికైనా మొరాయించేదేమో. కానీ 28 ఏళ్ళకు, ఫామ్ మంచి ఊపులో ఉండగా కాదు. 2022 నుంచి రెండు లీగ్‌లలోనూ పిచర్ బదులు వేరే ఆటగాడు బ్యాటింగ్ చేస్తున్నాడు. ఇప్పుడైతే వాంగ్ ఆ రోజు డగౌట్‌లో కూర్చుని ఉండేవాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డబ్బు లెక్కలోనూ కాలం కలిసిరాలేదు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సర్వీసు పూర్తయితేనే ఆటగాడు ఇష్టమొచ్చిన టీమ్‌తో బేరమాడుకోగలడు. రెండేళ్ళలో 38 మ్యాచ్‌లు గెలిచిన వాంగ్ 2008 జీతం కోసం ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తుల తీర్పుకి) వెళ్ళి ఓడిపోయాడు, 40 లక్షల డాలర్లతో సరిపెట్టుకున్నాడు. అదే మరో తైవాన్ పిచర్ చెన్ వెయ్-యిన్ ముందు జపాన్‌లో చునిచి డ్రాగన్స్‌కి ఆడాడు, 2009లో 1.54 ఈఆర్ఏతో సెంట్రల్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు, పూర్తిగా తయారయ్యాక 2012లో బాల్టిమోర్ వచ్చాడు. 2016లో మయామీ అతనికి ఐదేళ్ళకు 8 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ కాంట్రాక్ట్ కాలంలో అతని ఆట సాగలేదు, అది వేరే కథ. తైవాన్ పిచర్లకు మొదటి నుంచీ జపాన్ దారే అలవాటు. 80ల్లో కువో తాయ్-యువాన్ సెయిబు లయన్స్‌కి వెళ్ళి 117 మ్యాచ్‌లు గెలిచాడు. కువో యువాన్-చీ చునిచికి 106 విజయాలు, 116 సేవ్‌లు (చివర్లో దిగి ఆధిక్యం కాపాడిన మ్యాచ్‌లు) ఇచ్చి 1988లో లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. వీళ్ళని అమెరికాలో ఎవరూ ఎరగరు, కానీ తైవాన్ పిచింగ్‌కి పునాది వేసింది వాళ్ళే. మేజర్ లీగ్‌లో మొదట అడుగుపెట్టిన తైవాన్ పిచర్ కూడా వాంగ్ కాదు, 2003లో కొలరాడోకి ఆడిన త్సావో చిన్-హుయ్. ఆల్-స్టార్ గౌరవం మొదట దక్కింది డాడ్జర్స్‌కి ఆడిన కువో హోంగ్-చీకి, 2010లో. స్టార్టింగ్ పిచర్‌గా ఒక పెద్ద టీమ్‌ని భుజాన మోసినవాడు మాత్రం వాంగే.

మీరు చదివిన చోట 2009 తర్వాతి ఏళ్ళకు ఏ రెండు వాక్యాలో ఇచ్చి ఉంటారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది ఆ ఏళ్ళలోనే. 2010 మొత్తం వాషింగ్టన్ నేషనల్స్‌తో ఉంటూ ఒక్క మ్యాచ్ కూడా వేయలేకపోయాడు. 2011 జూలైలో మెట్స్ మీద మళ్ళీ మేజర్ లీగ్ మౌండ్ ఎక్కాడు. రెండేళ్ళకు పైగా విరామం. 2013 మార్చిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో తైవాన్ తరఫున ఆస్ట్రేలియా మీద ఆరు ఇన్నింగ్స్, ఆ వెంటనే టోక్యో డోమ్‌లో జపాన్ మీద ఆరు ఇన్నింగ్స్, ఒక్క పరుగు ఇవ్వలేదు. జపాన్ మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్ రెండు అవుట్ల దాకా తైవానే ముందుంది. పదో ఇన్నింగ్స్‌లో 4-3తో ఓడింది. తైవాన్ వాళ్ళతో ఆ మ్యాచ్ మాటెత్తి చూడండి, ఇప్పటికీ నిన్న జరిగినట్టే మాట్లాడతారు.

ఆ తర్వాత టొరంటోలో కొద్ది మ్యాచ్‌లు. 2014, 2015ల్లో మేజర్ లీగ్ లేదు. లూయీవిల్, షార్లెట్, గ్విన్నెట్, టకోమా, అన్నీ ట్రిపుల్-ఏ. మధ్యలో మేరీలాండ్‌లో ఏ మేజర్ లీగ్ క్లబ్‌కీ చెందని అట్లాంటిక్ లీగ్ టీమ్‌కి కూడా ఆడాడు. రెండుసార్లు 19 గెలిచిన మనిషి, టైమ్ జాబితాకెక్కిన మనిషి, బస్సుల్లో తిరిగాడు. 35 ఏళ్ళ వయసులో ఫ్లోరిడాలో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్ళి బంతి విసిరే తీరును మొదటి నుంచి దిద్దుకున్నాడు. వేగం మళ్ళీ 90ల మధ్యకు చేరింది. 2016లో, ముందటి ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచిన కాన్సస్ సిటీ రాయల్స్‌లో చోటు సంపాదించాడు, మైనర్ లీగ్ కాంట్రాక్ట్‌తో వచ్చి. బుల్‌పెన్ నుంచి, అంటే మ్యాచ్ మధ్యలో దిగే పిచర్‌గా, 38 మ్యాచ్‌లు వేశాడు. 6 గెలుపులు, ఓటమి లేదు. సెప్టెంబర్‌లో వాళ్ళూ వదిలేశారు. మేజర్ లీగ్‌లో మొత్తం 68 గెలుపులు, 34 ఓటములు. ఎన్ని గెలిచాడో అందులో సరిగ్గా సగం ఓడాడు. అన్నేళ్ళ గాయాల తర్వాత కూడా.

చివరిగా మీ అబ్బాయి గురించి, మీరు అడగకపోయినా. పన్నెండేళ్ళకు సింకర్ నేర్పమని అడిగితే ఇప్పుడే వద్దనండి. ముందు మామూలు ఫాస్ట్‌బాల్‌ని అనుకున్న చోట వేయడం రానివ్వండి. వారానికి ఎన్ని బంతులు వేస్తున్నాడో ఒక పుస్తకంలో రాయండి. లిటిల్ లీగ్ ఆ వయసుకి రోజుకు 85కి మించి వేయనివ్వదు, కానీ స్కూల్ టీమ్, ట్రావెల్ టీమ్ అంటూ రెండు మూడు చోట్ల ఆడే పిల్లల మొత్తం లెక్క చూసేవాళ్ళు ఇంట్లో తప్ప ఎవరూ ఉండరు. తుంటి, తొడ కండరాలకు వ్యాయామం మాత్రం ఈ వయసు నుంచే మొదలుపెట్టొచ్చు. వాంగ్ ఆట చూపించాలనుకుంటే 2007 మే నెల సియాటిల్ మ్యాచ్ దొరికితే చూపించండి. కుడి పాదం రబ్బర్‌ని ఎంతసేపు పట్టుకుని ఉంటుందో ఆపి ఆపి చూడమనండి. వీలైతే ఆ తైవాన్ నాన్నగారిని కూడా ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. నాకన్నా ఆయన బాగా చెబుతారు.